కే24 స్వాప్ సివిక్‌కి ఆర్‌బీసీ మానిఫోల్డ్: కొనాలా, ఆగాలా?

పాత ఈకే తరం హోండా సివిక్‌లో అసలు ఇంజన్ తీసేసి (స్వాప్ అంటే ఇదే) హోండా టీఎస్‌ఎక్స్ కారు 2.4 లీటర్ల కే24ఏ2 ఇంజన్ దింపిన వాళ్లు పవర్ కోసం ముందు చూసేది ఇన్‌టేక్ మానిఫోల్డే, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాల భాగం. ఆర్‌బీసీ అనేది 2006-2011 సివిక్ ఎస్‌ఐలో వచ్చిన హోండా ఒరిజినల్ మానిఫోల్డ్. పోత పనికి వంక పెట్టలేం. 6000 ఆర్‌పీఎమ్ దాటాక ఇంజన్ ఊపిరి తీసుకునే తీరే మారిపోతుంది. సిటీ ట్రాఫిక్‌లో, 3000 లోపు, పెద్ద తేడా ఆశించొద్దు.

అసలు శ్రమంతా బిగింపులోనే. దీని మూతి ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే కవాటం) కోసం చేసింది, కాబట్టి కేబుల్ థ్రాటిల్ ఉంటే అడాప్టర్ ప్లేట్ కావాలి. పైనున్న కూలెంట్ హౌసింగ్ మెడ థ్రాటిల్ బాడీకి అడ్డొస్తుంది. దాన్ని కోసి, మూసి వెల్డ్ చేయించాలి. ప్లేట్‌కి రెండు వైపులా గ్యాస్కెట్ సమంగా కూర్చోకపోతే బయటి గాలి లోపలికి దూరి ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజన్ వేగం) పైకీ కిందికీ ఊగుతుంది. అప్పుడు ఐడిల్ స్క్రూ తిప్పుతూ కూర్చోకుండా పొగ పెట్టి లీక్ పట్టుకోండి. మానిఫోల్డ్ మారాక కే-ప్రోలో (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగ్‌లు మార్చే సిస్టమ్) మళ్లీ ట్యూన్ చేయించాల్సిందే, పాత మ్యాప్‌తో రేసు చేయొద్దు.

ఒక్క మాట: కే24ఏ2 స్టాక్ (కంపెనీ ఇచ్చిన) రెడ్‌లైన్, అంటే గరిష్ఠ వేగ పరిమితి, 7100 ఆర్‌పీఎమ్. అంతకు మించి తిప్పాలనుకుంటే ముందు డబ్బు కే20ఏ2 (హోండా 2.0 లీటర్ల ఇంజన్) ఆయిల్ పంప్‌కి పెట్టండి, చైన్, గైడ్, టెన్షనర్‌తో సహా. వణుకు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్టులున్న స్టాక్ పంప్ ఆ వేగానికి చేసింది కాదు. 7000 లోపే నడిపే బండికైతే టీఎస్‌ఎక్స్ స్టాక్ ఆర్‌బీబీ మానిఫోల్డే చాలు.