పాస్టర్ అయ్యగారి ఎంపికకు డబ్బు కట్టి చేయించిన ఎంక్వైరీ: 5కి 3 స్టార్లు

మాది నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు ఒక స్వతంత్ర క్రైస్తవ సంఘం, ఆదివారం నూటయాభై మంది వస్తే ఎక్కువ. పాత అయ్యగారు వయసైపోయి కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లకైతే బిషప్ గారు పంపిస్తారు, మాకెవరు పంపిస్తారు, మేమే వెతుక్కోవాలి. అలా వెతుకుతుంటే, పాస్టర్ పోస్టుకు వచ్చినవాళ్లను పరిశీలించి రిపోర్టు ఇచ్చే సర్వీసు ఒకటి హైదరాబాద్‌లో ఉందని తెలిసింది. పేరు రాయను, గొడవలెందుకు. ఒక్కొక్కరికి 7,500, మాకు ఇద్దరు అభ్యర్థులు కాబట్టి 15,000. ట్రెజరర్‌గా చెక్కు మీద సంతకం పెట్టింది నేనే, అందుకే కడుపుమంటతో రాస్తున్నా.

ముందు బాగున్నది చెప్తా. సర్టిఫికెట్ల దగ్గర వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఒకాయన పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది, సభల ఫ్లెక్సీల మీద కూడా అంతే. అదెక్కడిదని ఆరా తీస్తే, యూనివర్సిటీయే కాని ఒక సంస్థ హోటల్లో ఫంక్షన్ పెట్టి శాలువా కప్పి ఇచ్చిందట. చట్టప్రకారం ఏర్పడిన యూనివర్సిటీలు, అధికారం ఉన్న సంస్థలు తప్ప ఇంకెవరూ డిగ్రీ ఇవ్వకూడదని 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్‌లో ఉందని రిపోర్టులో రాసి మార్కులు కోశారు. రెండో ఆయన వేదాంత డిగ్రీలిచ్చే సేరంపూర్ సెనేట్ కింద ఉన్న కాలేజీలో బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చేశానన్నారు, కాలేజీకి ఫోన్ చేసి అది నిజమేనని తేల్చారు. మేమైతే ఫ్రేమ్ కట్టిన సర్టిఫికెట్ చూసి దండం పెట్టి వచ్చేవాళ్లం.

కోర్టు కేసుల దగ్గర మాత్రం జారారు. 'కేసులు లేవు' అని ఒక్క ముక్క రాశారు. ఏ పేరు మీద వెతికారు బాబూ అని అడిగితే బాప్తిస్మం పేరు మీదట! మన దగ్గర బాప్తిస్మం పేరొకటి, టెన్త్ మెమోలో పేరొకటి ఉండడం చిన్న పిల్లలకు కూడా తెలుసు. చివరికి మా అబ్బాయే కోర్టు కేసుల వివరాలుండే సర్కారు వారి ఈ-కోర్ట్స్ సైట్‌లో జిల్లా, కోర్టు, ఏడాది ఎంచుకుంటూ మెమోలో ఉన్న పేర్లు కొట్టి చూశాడు, పైసా ఖర్చు లేకుండా. ఏమీ రాలేదనుకోండి, అది వేరే సంగతి.

పర్సనాలిటీ టెస్టు గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. 120 ప్రశ్నలు, ఇంగ్లీషు నుంచి మెషీన్‌తో తిప్పిన తెలుగు. 'పార్టీలలో మీరు ఉత్సాహంగా ఉంటారా' అన్నదానికి ఒకాయన 'నేను ఏ పార్టీలో లేను' అని రాశారు.

అసలు లోపం మార్కుల లెక్కలో ఉంది. వందలో 30 ప్రసంగానికి, బయటివాళ్ల సాక్ష్యానికి 10. ఆ 10 కూడా అభ్యర్థి ఇచ్చిన ముగ్గురికి ఫోన్ చేసి వేశారు, ముగ్గురూ పాస్టర్లే. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో అధ్యక్షుడికి, అంటే సంఘాన్ని నడిపే పాస్టర్‌కి, సంఘానికి వెలుపటివారి దగ్గర మంచి సాక్ష్యం ఉండాలని ఉంది కదా. వెలుపటివారంటే కిరాణా షాపాయన, ఇంటి ఓనరు, పాలు పోసేవాళ్లు. వాళ్లలో ఒక్కరినీ అడగలేదు.

సరే అని మేమే ముగ్గురం కారు మాట్లాడుకుని, 86 మార్కులొచ్చిన డాక్టర్ గారు ఇంతకుముందు ఉన్న ఊరికి, మర్రిగూడ అవతలకి పోయాం. ఇంటి ఓనరు నీళ్లిచ్చి కూర్చోబెట్టి, "మంచోడే సార్, గని నాలుగు నెల్ల కిరాయి ఇయ్యకుండ పోయిండు" అన్నాడు. తిరుగు ప్రయాణంలో మా పెద్దాయన ఒకరు ధనాపేక్ష ఉండకూడదు, నిందారహితుడై ఉండాలి అని అదే అధ్యాయంలోని వచనాలు ఎత్తుకున్నారు, దారిలో టీ తాగేసరికి ఆయన లెక్కలో అభ్యర్థి క్యాన్సిల్.

నాకు మనసొప్పక రాత్రి ఆ డాక్టర్ గారికే ఫోన్ చేశా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పారు: ఆ సంఘం 5 నెలలు జీతమివ్వలేదు, కానుకలు తగ్గాయన్నారు, అదే టైంలో కొత్త సౌండ్ సిస్టమ్ కొన్నారు. కిరాయి నెలకు వెయ్యి చొప్పున ఫోన్‌పేలో తీరుస్తున్నానని స్క్రీన్‌షాట్లు పంపారు. ఓనరుకు మళ్లీ చేస్తే, "అవు సార్, ఇస్తుండు, ఇంకా రెండు నెల్లది బాకీ ఉంది" అన్నాడు. మరి పొద్దున ఆ ముక్క చెప్పలేదేందయ్యా అంటే, "మీరు అడగలె గద" అన్నాడు. నిజమే, మేం అడగలేదు. ట్రెజరర్ని కదా, మా పాత అయ్యగారికి మేం ఎన్ని నెలలు ఆలస్యంగా ఇచ్చామో ఆ రాత్రి రిజిస్టర్ తీసి చూసుకున్నా. అంకె ఇక్కడ రాయను.

ఇంకొకటి. ఇద్దరి రిపోర్టుల్లోనూ అమ్మగారి గురించి 'సహకరించే భార్య' అని ఒకటే వాక్యం, కాపీ కొట్టినట్టు. వాళ్లతో విడిగా ఎవరూ మాట్లాడలేదు. మా స్త్రీల సమాజం వాళ్లు వెళ్లి గంట కూర్చుంటే, 71 మార్కులొచ్చిన రెండో ఆయన భార్య అడిగిన మొదటి మాట, "నన్ను మిషన్ కుట్టుకోనిస్తారా? పాత సంఘంలో పాస్టరమ్మ బట్టలు కుట్టడమేంటని మాన్పించారు" అని. మా సంఘంలో ఒప్పుకుంటారా అంటే, కమిటీలో ఇంకా వాదులాట నడుస్తోంది. అయ్యగారి పేరు కూడా అందుకే తేలలేదు.

కాబట్టి 3 స్టార్లు, అవి కూడా సర్టిఫికెట్ల పనికి. రిపోర్టు అందాక తెలిసిన సంగతేంటంటే, సర్టిఫికెట్లు, కేసుల వరకే చూసే చిన్న ప్యాకేజీ వాళ్ల దగ్గరే 2,500కి ఉందట. ముందే ఎందుకు చెప్పలేదండీ అని అడిగితే, "మీరు అడగలేదు కదా సార్" అన్నారు.