లోకల్‌మాడ్‌కాన్ఫిగ్‌తో నాలుగు మిర్చి సీజన్లు

లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే ముఖ్య భాగం) ఎలా కంపైల్ చేయాలి, అందులో ఏవి ఉండాలో ఎంచుకునే మెనూకాన్ఫిగ్ అంటే ఏంటి, అవన్నీ ఇక్కడ రాయట్లేదు, ఇది చదివేవాళ్ళకి తెలిసే ఉంటాయి. నేను రాయాలనుకున్నది ఒక్క కమాండ్ గురించి. మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్. మన మెషిన్‌కి అక్కర్లేని డ్రైవర్లని తీసేసి కెర్నల్‌ని చిన్నది చేస్తుంది. 2021 నుంచి వాడుతున్నాను. అదంటే నాకు చాలా ఇష్టం, ఇప్పటికీ ఇష్టమే, కానీ 2024 మార్చిలో ఒక పొద్దున అది పెట్టిన టెన్షన్ మాత్రం మర్చిపోలేను.

గుంటూరు బయట చిలకలూరిపేట రోడ్డు వైపు మా బావకి లారీ కాటా ఉంది. అక్కడున్నది 2 జీబీ ర్యామ్‌తో ఒక పాత ఏఎండీ డెస్క్‌టాప్. కాటా ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ వస్తుంది, దాని చివర యూఎస్‌బీ కన్వర్టర్, అది పీసీకి. ప్యారలల్ పోర్టుకి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. బండి ఎక్కగానే బరువు స్క్రీన్ మీదకి రావాలి, చీటీ ప్రింట్ అవ్వాలి, దాని పని అంతే. మామూలు రోజుల్లో ఎలా ఉన్నా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రం యార్డుకీ కోల్డ్ స్టోరేజీలకీ మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకెళ్ళే బండ్లు తెల్లవారకముందే వచ్చి నిలబడతాయి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పీసీ తొందరగా లేవాలి, అందుకే నేను ఈ కెర్నల్ పనిలోకి దిగాను.

మొదట డిస్ట్రో (మనం ఇన్‌స్టాల్ చేసుకునే లినక్స్ ప్యాకేజీ) ఇచ్చిన కాన్ఫిగ్ ఫైలునే తీసుకుని మా ఇంట్లో, బ్రాడీపేటలో, నాలుగు కోర్ల పీసీ మీద కంపైల్ పెట్టాను. మూడు గంటలైనా అవ్వలేదు, మధ్యలో కరెంటు పోయింది. అందులో వేలల్లో మాడ్యూళ్ళు (అవసరమైనప్పుడు కెర్నల్‌లోకి ఎక్కే డ్రైవర్ ముక్కలు) ఉంటాయి, ప్రపంచంలో ఎవరి దగ్గర ఏ కార్డు ఉన్నా పనిచేయాలి కదా మరి. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ ఏం చేస్తుందంటే ఆ క్షణాన మెషిన్‌లో లోడై ఉన్న మాడ్యూళ్ళ జాబితా చూసి, వాటికి కావలసిన ఆప్షన్లు ఉంచి, ఎం (విడి మాడ్యూల్‌గా కట్టమని గుర్తు) పెట్టి ఉన్న మిగతావన్నీ తీసేస్తుంది. స్టీవెన్ రోస్టెడ్ రాసిన స్క్రిప్ట్ ఇది, 2009లో 2.6.32తో కెర్నల్‌లోకి వచ్చింది. వేరే మెషిన్ కోసమైతే అక్కడి ఎల్‌ఎస్‌మాడ్ (లోడైన మాడ్యూళ్ళని చూపే కమాండ్) జాబితాని ఫైలుగా తెచ్చుకుని ఎల్‌ఎస్‌మాడ్ అనే వేరియబుల్‌కి ఆ ఫైలు పేరు ఇస్తే చాలు. నేనూ అదే చేశాను. కాటా పీసీలో జాబితా తీసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇంటికొచ్చి రన్ చేశాను. కంపైల్ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఆ రోజు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది, డ్రైవర్ల మెనూ తెరిస్తే పేజీలు పేజీలు ఖాళీగా, మన మెషిన్‌లో నిజంగా ఉన్నవి మాత్రమే టిక్ అయి కనిపిస్తుంటే ఆ పీసీ లోపల ఏముందో మొదటిసారి చూసినట్టు అనిపించింది.

కాటా పీసీ బూట్ అయ్యే టైమ్ 70 సెకన్ల నుంచి 25కి తగ్గిందని అప్పట్లో తెలిసినవాళ్ళందరికీ చెప్పాను. అదే నెలలో దాని హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేశాం, తగ్గిన టైమ్‌లో ఎక్కువ భాగం దానిదే అయ్యుంటుంది. అయినా కంపైల్ టైమ్ విషయంలో మాత్రం నా మాటలో తేడా లేదు.

దీని తమ్ముడు ఒకడున్నాడు, లోకల్‌యెస్‌కాన్ఫిగ్. అది లోడైన మాడ్యూళ్ళని ఎం బదులు వై చేసి కెర్నల్‌లోనే కలిపేస్తుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్) లేకుండా బూట్ చేద్దామని అదీ చూశాను. స్క్రీన్ నల్లగా అయిపోయింది. ఇంకో పీసీ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ మీదుగా) వెళ్ళి డీమెసేజ్ (కెర్నల్ సందేశాలు) చూస్తే గ్రాఫిక్స్‌ని నడిపే రేడియన్ డ్రైవర్ ఫర్మ్‌వేర్ (చిప్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్) దొరకలేదంటూ ఎర్రర్ మైనస్ 2 చూపిస్తోంది, అంటే ఫైలు లేదు అని. ఫైలు లిబ్ ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో భద్రంగానే ఉంది, కానీ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉండటంతో రూట్ డిస్క్ మౌంట్ కాకముందే అది లేచి ఫైలు అడుగుతోంది. ఫర్మ్‌వేర్ లోడర్ మెనూలో ఎక్స్‌ట్రా ఫర్మ్‌వేర్ అని ఒక వరుస ఉంటుంది, అక్కడ ఫైళ్ళ పేర్లు మధ్యలో ఖాళీ వదులుతూ రాస్తే వాటిని కెర్నల్‌లోనే పెట్టేస్తుంది. రాశాను, ఈసారి కంపైలే ఆగిపోయింది. ఎందుకంటే నా డిస్ట్రో ఆ ఫైళ్ళని కంప్రెస్ చేసి పెట్టింది, ఈ పద్ధతికి మామూలు ఫైళ్ళే కావాలి, కంప్రెస్ చేసినవి ఒప్పుకోదు. విప్పి పెడితే పనిచేసింది. కొన్నాళ్ళు వాడాను గానీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ కెర్నల్ మళ్ళీ కట్టుకోవాలంటే నా వల్ల కాలేదు. డిస్క్ డ్రైవర్, ఫైల్ సిస్టమ్ వరకు వై పెట్టి, రేడియన్‌ని మళ్ళీ ఎం చేసేశాను. ఫర్మ్‌వేర్ అడిగే డ్రైవర్‌ని దేన్నైనా ఎం గానే ఉంచండి, చాలా తలనొప్పి తప్పుతుంది.

ఇక ఆ మార్చి సంగతి.

పొద్దున ఆరు దాటిందో లేదో కాటా దగ్గర గుమాస్తా ఫోన్ చేశారు. "బాబూ, అంకె కంప్యూటర్లోకి రావట్లా. డబ్బాలో కనపడతంది, స్క్రీన్ మీద సున్నా. బండ్లు పదకొండు ఉన్నై." ముందు రోజు రాత్రి కరెంటు ఎక్కువతక్కువలకి కన్వర్టర్ కాలిపోయిందట. మనిషి చురుకైనవాడు, నన్ను లేపడం ఎందుకని తెలిసిన షాపు నుంచి రాత్రే ఇంకోటి తెచ్చి పెట్టారు. చేసింది సరైన పనే. "లైటు వెలుగుతుంది బాబూ దానికి" అన్నారు.

"అలాగే ఉంచండి బాబాయ్, వస్తున్నా" అని బండి తీశాను. వెళ్ళి చూస్తే ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో (గుచ్చిన యూఎస్‌బీ పరికరాల జాబితా) 067బి, 2303 అని కనిపిస్తోంది, అంటే ప్రొలిఫిక్ చిప్. పాతది సీహెచ్340, దాని నంబర్ 1ఎ86, 7523. రెండూ బయటికి ఒకేలా నీలం రంగు తోకలు, కానీ లోపల చిప్ వేరు, డ్రైవర్ వేరు. నేను జాబితా తీసిన రోజున గుచ్చి ఉన్నది సీహెచ్340, కాబట్టి సీహెచ్341 డ్రైవర్ ఒక్కటే ఉంది. పీఎల్2303 అనే మాడ్యూల్ ఈ కెర్నల్‌లో లేనే లేదు. పరికరాన్ని గుర్తుపట్టింది, పేరు చెప్తోంది, కానీ బరువు చదవడానికి కావలసిన సీరియల్ పోర్టు, టీటీవై యూఎస్‌బీ సున్నా, మాత్రం రాదు. డిస్ట్రో కెర్నల్ ఉండి ఉంటే రీబూట్ చేసి అందులోకి వెళ్ళేవాణ్ణి, రెండు నిమిషాల పని. చోటు కోసం దాన్ని ఏడాది కిందటే తీసేశాను. ఇది పూర్తిగా నా తప్పు.

ఈలోపు గుమాస్తా ఇండికేటర్ చూసి చేత్తో చీటీలు రాస్తున్నారు. అలాంటి చీటీ తీసుకోవడానికి రైతులు ఒప్పుకోవట్లేదు, అది న్యాయమే. క్వింటాల్ మీద వేలల్లో పలికే సరుకు, ప్రింటు చీటీ లేకుండా ఎవరు నమ్ముతారు? ఒక పెద్దాయన నాతో గొడవేమీ పెట్టుకోలేదు, బండి పక్కన నిలబడి చూస్తూ ఉన్నారు, అదే ఎక్కువ బాధ అనిపించింది.

ఇంటికి పరిగెత్తాను. అదృష్టం కొద్దీ అదే 6.1 సోర్స్, అదే కాన్ఫిగ్ ఫైలు ఇంట్లో ఉన్నాయి. వెర్షన్‌లో ఒక్క అంకె తేడా ఉన్నా ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్ అని తిప్పికొడుతుంది కాబట్టి ఇది చాలా ముఖ్యం. యూఎస్‌బీ సపోర్ట్‌లోకి వెళ్ళి, సీరియల్ కన్వర్టర్ల మెనూలో ప్రొలిఫిక్ దగ్గర ఎం పెట్టి, ఆ ఒక్క ఫోల్డర్‌నే కంపైల్ చేశాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మళ్ళీ కాటాకి వెళ్ళాను.

పెన్‌డ్రైవ్ గుచ్చాను. రాలేదు. ఇంకో పోర్టులో పెట్టాను, రాలేదు. అప్పుడు అర్థమైంది. 2021లో ఎల్‌ఎస్‌మాడ్ జాబితా తీసిన తర్వాతే, దాన్ని కాపీ చేసుకోవడానికి పెన్‌డ్రైవ్ పెట్టాను. జాబితా తీసే సమయానికి యూఎస్‌బీ స్టోరేజ్ మాడ్యూల్ లోడ్ కాలేదు. కాబట్టి మూడేళ్ళుగా ఆ కెర్నల్‌కి పెన్‌డ్రైవ్ అంటే ఏంటో తెలియదు. కెర్నల్ మార్చిన ప్రతిసారీ లాప్‌టాప్ పట్టుకెళ్ళి లాన్ కేబుల్‌తోనే కాపీ చేసేవాణ్ణి, అందుకే ఆ సంగతి బయటపడనే లేదు. మళ్ళీ ఇంటికి, లాప్‌టాప్, కేబుల్, మళ్ళీ కాటాకి. డెప్‌మాడ్, మోడ్‌ప్రోబ్ పీఎల్2303 కమాండ్లతో మాడ్యూల్ ఎక్కించాను. స్క్రీన్ మీద అంకె కదిలింది. టైమ్ ఎనిమిదింబావు. అప్పటికి ఇరవైకి పైగా బండ్లు రోడ్డు మీద ఉన్నాయి.

కమాండ్‌ని తప్పుపట్టడానికి లేదు. అది చెప్పిందే చేసింది, ఆ క్షణాన కనిపించినవి ఉంచింది. నా కోపమల్లా, పెన్‌డ్రైవ్, యూఎస్‌బీ సీరియల్ లాంటివి రేపు ఎవరైనా తెచ్చి గుచ్చేవి అని ఒక్క ముక్క హెచ్చరిక కూడా లేకుండా నిశ్శబ్దంగా తీసేస్తుందని. ఆ పని మనమే చేసుకోవాలి, దానికి దారి కూడా ఉంది, నాకే ఆలస్యంగా తెలిసింది. ఎల్‌ఎంసీ కీప్ అనే వేరియబుల్‌లో ఫోల్డర్ల పేర్లు కోలన్‌తో విడదీసి ఇస్తే వాటి జోలికి పోదు. నేనిప్పుడు డ్రైవర్స్ యూఎస్‌బీ ఫోల్డర్, ఎఫ్‌ఎస్ (ఫైల్ సిస్టమ్‌ల) ఫోల్డర్ రెండూ ఇస్తున్నాను. ఇరవై నిమిషాలు కాస్తా ముప్ఫై అయింది, ఆ పది నిమిషాలు నాకు బరువు కాదు. జాబితా తీసేముందు ఇంట్లో ఉన్న ప్రతి పరికరాన్నీ ఒకసారి గుచ్చి తీయడం కూడా మంచిదే. మోడ్‌ప్రోబ్డ్‌డీబీ అని ఒక టూల్ ఉంది, అది రోజూ లోడయ్యే మాడ్యూళ్ళని గుర్తుపెట్టుకుంటుంది, సొంత లాప్‌టాప్ మీద అది వాడుతున్నాను.

మీకు వాడమని చెప్పాలా అంటే, సొంత మెషిన్‌కైతే చెప్తాను, అది చెడినప్పుడు ముందు కూర్చునేది మీరే కాబట్టి. ఇంకొకరి చేతిలో ఉండే మెషిన్‌కి చెప్పలేను. మా కాటాకి ఇల్లు దగ్గర, బండి మీద వెళ్ళి రాగలను, సోర్స్ దాచుకుని ఉన్నాను, అందుకే అక్కడ ఇంకా నడుస్తోంది. మా బావ కాటా విజయవాడలో ఉండి ఉంటే డిస్ట్రో కెర్నల్‌నే ఉంచేవాణ్ణి. నిజానికి ఇప్పుడు గ్రబ్ మెనూలో (పీసీ లేచేటప్పుడు కెర్నల్ ఎంచుకునే చోటు) రెండో వరుసలో డిస్ట్రో కెర్నల్ కూడా ఉంది, దాన్ని ఎలా ఎంచుకోవాలో గుమాస్తా బాబాయ్‌కి రెండుసార్లు చేసి చూపించాను. 2025 సీజన్‌లో ఆయనకి ఆ అవసరం ఒక్కసారి కూడా రాలేదు. సీహెచ్340 ఒకటి, పీఎల్2303 ఒకటి కవర్లో వేసి టేబుల్ పక్కన మేకుకి తగిలించాం.