విత్తన కానుకా, సంఘం కానుకా?

పలాస జీడిపప్పు పరిశ్రమలో పనిచేసే క్రైస్తవ విశ్వాసికి కూలి డబ్బు చేతికి రాగానే ఎదురయ్యే ప్రశ్న ఇది: విత్తితే నూరు రెట్లు తిరిగొస్తుందంటూ టీవీ బోధకుడు అడిగే ‘విత్తన కానుక’ పంపాలా, ఊరి సంఘంలో (చర్చిలో) వేయాలా?

ఖర్చు: విత్తన కానుకకు మొత్తం చెప్పేది బోధకుడే, అప్పు చేసైనా ఇమ్మనేవారున్నారు. సంఘం కానుకకు కొలత మన రాబడి. లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే అంటుంది 2 కొరింథీయులకు 8:12.

శ్రమ: ఫోనులో పంపడం క్షణం పని. సంఘంలో లెక్క అడగాలి, ఒక్కోసారి మాట పడాలి.

వాక్యాధారం: టీవీ బోధకులు మలాకీ 3:10 చూపి, ఇస్తే ఆశీర్వాదం కుమ్మరింపబడుతుందంటారు. అదే వచనం ఆ దశమభాగం (రాబడిలో పదోవంతు) మందిరంలో ఆహారం ఉండటానికని చెబుతుంది. ద్వితీయోపదేశకాండం 14:29లో అది లేవీయులకు (మందిర సేవకులకు), పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు చేరాలి. నూరు రెట్ల మాట ఉన్న మార్కు 10:30లోనే ‘హింసలతో పాటు’ అనీ ఉంది. ఆ ముక్క టీవీలో వినబడదు.

ప్రమాదం: ఫలితం రాకపోతే ‘నీ విశ్వాసం చాలలేదు’ అంటారు, బైబిల్లో కష్టాలపాలైన యోబుతో ‘నీ తప్పు వల్లే’ అన్న స్నేహితుల వాదనా ఇంచుమించు ఇదే. 2018లో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చినప్పుడు భక్తిహీనుల చెట్లను ఏరి కూల్చలేదు. ఊరి సంఘంలోనూ సొమ్ము దారి తప్పవచ్చు, కాని నిలదీయడానికి మనిషి ఎదురుగా ఉంటాడు.

పోయినా బాధపడని మిగులు ఉండి, ప్రతిఫలం కోరనివారు టీవీ పరిచర్యకు పంపుకోవచ్చు. కూలి మీద బతికేవారికి లెక్కలు చూపే సంఘమే మేలు. ఆ సంఘం లెక్క చూపకపోతే, పక్కింటి డయాలసిస్ రోగికి ఆటో ఛార్జీ ఇవ్వండి.