పాము పెట్టె: కోనసీమ తేమలో ఐదేళ్లు

2021 సంక్రాంతి వెళ్లాక చేయించిన పెట్టె ఇది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు, రెండడుగుల ఎత్తు. అందులో ఉండేది ఆడ బాల్ పైథాన్, ఆఫ్రికా కొండచిలువల్లో ఓ చిన్న జాతి. వచ్చినప్పుడు నా బొటనవేలంత లావుండేది, ఇప్పుడు నాలుగడుగులకి కాస్త తక్కువ, బరువు కిలోన్నర. మాది అమలాపురానికీ అంబాజీపేటకీ మధ్య ఊరు. చుట్టూ కొబ్బరి తోటలు, పెరటి వెనక పంట కాలువ. కాలువ సంగతి ఊరికే చెప్పట్లేదు, కింద రాయబోయే కష్టాల్లో సగం దాని చెమ్మవల్ల వచ్చినవే.

ముందే ఒక మాట. తోటలో దొరికిన జెర్రిపోతునో కొండచిలువనో పట్టి పెట్టెలో పెడదామనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి. మన దేశపు పాముల్ని పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ పశ్చిమ ఆఫ్రికా వైపు పాము, విషం ఉండదు. దీన్ని కూడా ఊరికే ఉంచుకోవడానికి లేదు, 2024 ఫిబ్రవరిలో వచ్చిన రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి. నేను చేశాను. చట్టం గురించి ఇంతే, పెట్టెలోకి వద్దాం.

కొలతలు రాసుకుంటూ వడ్రంగి గారు "దేనికి బాబూ, కుక్కపిల్లకా?" అన్నారు. పాముకండి అన్నాను. పెన్సిలు చెవి మీద పెట్టుకుని కాసేపు నా మొహం చూసి, "అడ్వాన్సు ఇస్తారా మరి" అన్నారు.

డబ్బులు మిగులుతాయని 12 ఎం.ఎం. మామూలు ప్లైవుడ్ వేయించాను, అదే నేను చేసిన మొదటి తప్పు. లోపల వార్నిష్ రెండు పూతలు కొట్టి, మూలలన్నీ సిలికాన్‌తో మూసి, వెనిగర్ లాంటి ఆ వాసన పూర్తిగా పోయేదాకా రెండు వారాలు వసారాలో వదిలేశాం. ముందు వైపు అల్యూమినియం ఛానల్లో జరిపే రెండు గ్లాసులు, మెడికల్ షాపు షోకేసులకి వేసే తాళం. ఈ తాళం మొదట్లో లేదు. అది ఎందుకొచ్చిందో చెప్పాలంటే, మా మామ్మ ఒకరోజు పొద్దున్నే బియ్యం డబ్బా జరిపి వేసిన కేక చెప్పాలి, అది వీధి చివరికి వినపడింది. రెండు గ్లాసుల మధ్య వేలు పట్టే సందుంటే చాలు, ముట్టెతో తోసుకుని వెళ్లిపోతుంది. పెట్టె ఎంత బాగా కట్టినా తాళం లేకపోతే అది పెట్టె కాదు.

ఇప్పుడు అసలు విషయం. నేను చూసిన వీడియోలన్నీ చలి దేశాలవాళ్లవి. వాళ్ల ఇళ్లలో హీటర్లు తిరిగి గాలి ఎండిపోతుంది కాబట్టి తేమ బయటికి పోకుండా గాలి కన్నాలు చిన్నవి పెట్టమంటారు. నేనూ బుద్ధిగా రెండు చిన్న కన్నాలు పెట్టించాను. జూలై వచ్చేసరికి గ్లాసు లోపల నీళ్లు కారుతున్నాయి, అడుగున పరిచిన కొబ్బరి పొట్టుకి బూజు పట్టింది, ఓరోజు పాముని ఎత్తి చూస్తే పొట్ట కింద పొలుసులు గోధుమరంగు తిరిగి బొబ్బల్లా ఉన్నాయి. మా దగ్గర పశువుల డాక్టరు గారు గేదెలకీ కుక్కలకీ హస్తవాసి ఉన్న మనిషే, పాపం పాముని చూసి చేతులెత్తేశారు. చివరికి హైదరాబాద్‌లో ఇలాంటి జంతువుల్ని చూసే డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, ఫొటోలు పంపి, పెట్టెలో కొబ్బరి పొట్టు మొత్తం తీసేసి న్యూస్ పేపర్ పరిచి, చెప్పిన మందు రాస్తే రెండు కుబుసాలు విడిచాక గానీ చర్మం మామూలు కాలేదు.

ఆ తర్వాత వడ్రంగి గారిని మళ్లీ పిలిచి, ఒక పక్క కింద, రెండో పక్క పైన అడుగు పొడవున జాలీలు పెట్టించాను. చల్లగాలి కింద నుంచి వస్తుంది, వేడిగాలి తేమతో సహా పైనుంచి పోతుంది. పెట్టె మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన మార్పు ఇదే, దీనికైన ఖర్చు నాలుగు వందలు. ఇంకోటి, ముల్లు తిరిగే తేమ మీటర్ని నమ్మకండి. నాది ఏ కాలంలో చూసినా 60 శాతం దగ్గరే ఉండేది. డిజిటల్‌ది తెచ్చి పక్కన పెడితే 84 చూపించింది. ఆ డిజిటల్‌దాన్నైనా పరీక్షించాలంటే మూత గట్టిగా పట్టే డబ్బాలో తడి ఉప్పు ఒక గిన్నెలో వేసి, మీటర్‌తో పాటు పూటంతా ఉంచండి, 75 చూపించాలి. ఎంత తేడా వస్తే అంత కలుపుకోవడమో తీసేసుకోవడమో. ఈ పాముకి 55 నుంచి 65 మధ్య ఉంటే హాయి, కుబుసం విడిచేముందు కాస్త ఎక్కువైనా పర్లేదు.

వేడి దగ్గర మూడుసార్లు మార్చాను. బల్బు పెడితే సరిపోతుంది కదా అనేవాళ్లు చాలామంది. కోడిపిల్లలకైతే సరే. పాము దానికి చుట్టుకుంటే చర్మం కాలుతున్నా వదలకపోవచ్చు. అందుకని హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పల్చటి షీటు) కొని పెట్టె కింద, ప్లైవుడ్‌కి బయట అంటించాను. చెక్క వేడిని లోపలికి రానివ్వదు, మ్యాట్ మాత్రం తనలో తాను కాగిపోతుంది. నెలకి తీసి చూస్తే చెక్క మాడిన మచ్చ! ఇల్లు తగలబడనందుకు దణ్ణం పెట్టుకుని, మ్యాట్‌ని లోపల పరిచి పైన ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఫ్లోర్ టైల్ పెట్టాను. టైల్ మెల్లగా వేడెక్కుతుంది, మెల్లగా చల్లారుతుంది, తుడవడం తేలిక. వేడి వైపు 32 డిగ్రీలు, చల్ల వైపు 26 అలా కుదిరింది.

థర్మోస్టాట్ (మనం పెట్టిన డిగ్రీ దాటగానే కరెంటు ఆపేది) లేకుండా మ్యాట్ స్విచ్ వేయకండి. నేను మొదట వాడింది రెండు వందల లోపు వచ్చే ఎర్ర అంకెల బోర్డు. పద్నాలుగు నెలలు బాగానే పనిచేసింది. తర్వాత ఓ డిసెంబర్ పొద్దున్న చూస్తే అందులో కరెంటు కలిపి ఆపే రిలే అతుక్కుపోయి కరెంటు ఆగట్లేదు, టైల్ మీద 46 ఉంది, పాము రెండో చివర నీళ్ల బేసిన్లో మునిగి ముక్కు మాత్రం పైకి పెట్టి కూర్చుంది. పెట్టెకి చల్లటి వైపంటూ ఒకటి ఉంది కాబట్టి బతికింది. అప్పటినుంచి రెండు థర్మోస్టాట్లు ఒకదాని తర్వాత ఒకటి కలిపాను, రెండోది మూడు డిగ్రీలు ఎక్కువకి పెట్టి ఉంటుంది, మొదటిది అతుక్కుపోయినా అది ఆపేస్తుంది.

థర్మోస్టాట్‌కి వేడి ఎంతుందో చెప్పే సెన్సార్ వైరుని లోపల టేపుతో మాత్రం అంటించకండి. పాము పీకేస్తే సెన్సార్ చల్లటి చోట పడి మ్యాట్ ఆగకుండా కాగుతుంది, అదొక ప్రమాదం. ఇంకో ప్రమాదం టేపు పొలుసులకి అంటుకోవడం. నాకు అదీ జరిగింది. మామ్మే (అప్పటికి కోపం తగ్గింది) కొబ్బరినూనె గిన్నె తెచ్చి ఇచ్చింది, ఇద్దరం అరగంట కూర్చుని కొంచెం కొంచెంగా నానబెట్టి తీశాం. ఇప్పుడు వైరు టైల్ కింద గాడిలో వెళ్తుంది.

మూడో మార్పు, మూడేళ్ల కిందట, పైన సెరామిక్ హీటర్. వెలుగు ఇవ్వదు, వేడి మాత్రమే. దీనికి పింగాణీ హోల్డరే వాడాలి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది, చుట్టూ ఇనప జాలీ గూడు తప్పనిసరి. చెమ్మ వాతావరణంలో చల్లగాలి తగిలితే ఈ పాములకి రొంప పట్టి ఊపిరితిత్తుల దాకా పోతుంది. మ్యాట్ నేలనే వేడి చేస్తుంది, గాలిని కాదు, అందుకే ఇది. నిజానికి మన దగ్గర వేడి కావాల్సింది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రాత్రుళ్లు, ముసురు పట్టిన రోజులు, అంతే. మ్యాట్ ఇరవై వాట్లు, సగం సేపు తిరిగినా నెలకి ఏడెనిమిది యూనిట్లు దాటదు.

కరెంటు సంగతికొస్తే, 2025 అక్టోబర్‌లో మొంథా తుఫాను రాత్రి పోయింది పోయినట్టే. సీసాల్లో వేడినీళ్లు పోసి పాత తువ్వాళ్లు చుట్టి లోపల పెట్టి, పెట్టె మీద దుప్పటి కప్పాను. చెక్క పెట్టెకి ఇక్కడ మార్కులు వేయాలి, అద్దాల తొట్టె అయితే వేడి ఇంతసేపు నిలిచేది కాదు.

చలి కంటే భయం రోహిణీ కార్తె. గదే 38 ఉంటే పెట్టెకి ఏ ఫ్యాను పెట్టినా వచ్చేది వేడిగాలే. పై జాలీ మీద గడ్డకట్టిన నీళ్ల సీసాలు పెడతాను, చల్లదనం కిందికి దిగుతుంది. పెట్టెని ఉత్తరం గదిలోకి మార్చాక కొంత నయం. ఇంతకుమించి చవకలో మార్గం నాకు దొరకలేదు, ఏసీ గది ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

మనకి కలిసొచ్చింది కొబ్బరి పొట్టు. పట్నాల్లో ఇటుకలా నొక్కి పేకెట్లలో బోలెడు ధరకి అమ్మేది ఇక్కడ పీచు మిల్లు దగ్గర బస్తాల్లెక్కన దొరుకుతుంది. కాకపోతే ఉప్పు ఉండొచ్చు, రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, ఎండబెట్టి వాడాలి. దాక్కోవడానికి అంచు పగిలిన కుండ బోర్లించాను, దుకాణంలో కొన్న ప్లాస్టిక్ గుహ కంటే అదే దానికి ఇష్టం. అన్నట్టు ప్రతి నాగుల చవితికీ పక్కింటి పిన్నిగారు "మీ ఇంట్లోనే ఉండగా పుట్ట దాకా ఎందుకురా" అని పాలు పట్టుకొస్తారు. అది పాలు తాగదండీ అని ఐదేళ్లుగా చెప్తున్నాను.

ఐదేళ్లకి పెట్టె స్థితి: పక్కలు, పై చెక్క గట్టిగానే ఉన్నాయి. అడుగు ప్లైవుడ్ పొరలు విడిపోయింది, నీళ్ల బేసిన్ ఉండే మూల వేలు పెడితే లోపలికి పోతోంది, వెనక కాలు ఒకటి చెదలు తిన్నాయి. మొత్తం పద్నాలుగు వేలు అయింది, మార్పులతో కలిపి. మళ్లీ చేయిస్తే అడుగు డబ్ల్యుపిసి బోర్డు (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది), పక్కలు తడిని తట్టుకునే మెరైన్ ప్లై, జాలీలు మొదటి రోజే, కాళ్ల కింద ఇనప బూట్లు. వడ్రంగి గారికి వచ్చే నెలకి చెప్పేశాను, ఈసారి అడ్వాన్సు అడగలేదు. పాత పెట్టెని అడుగు మార్చి, సున్నం కొట్టి, బల్బు పెట్టి కోడిపిల్లలకి ఇమ్మని మామ్మ ఇప్పటికే మాట తీసుకుంది.