చలి నగరాల టవర్లకు ఓపెన్‌ఫోమ్: మూలల్లో నమ్మొచ్చు, ముంగిట్లో కాదు

పాతికంతస్తుల టవర్లు నాలుగు లేస్తే వాటి అడుగున గాలి ఎటు మళ్లుతుందో పునాది తవ్వకముందే తెలియాలంటే దారులు రెండు. విండ్ టన్నెల్‌లో నమూనా పెట్టి కొలవాలి, లేదా కంప్యూటర్‌లో సీఎఫ్‌డీ (గాలి ప్రవాహాన్ని అంచనా వేసే) లెక్క కట్టాలి. రెండో దారిలో లైసెన్సు ఖర్చు లేకుండా దొరికే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఫోమ్. 2004 నుంచి సోర్స్ కోడ్‌తో సహా ఉచితం. దానితో చేయగల పనులు బోలెడు. ఇక్కడ చూసేది ఒక్కటే: శీతాకాలంలో సున్నాకు బాగా దిగువన ఉండే నగరాల్లో ఎత్తైన ఇళ్ల లేఅవుట్ తేల్చడానికి అది ఎంతవరకు పనికొస్తుంది?

తీర్పు ముందే చెబుతాం. టవర్ మూలల్లో ఉరికే గాలిని బాగా పట్టుకుంటుంది. గాలి మందగించే చోట, అంటే టవర్ల మధ్య ముంగిట్లో, గాలి చాటు గుమ్మాల దగ్గర, దాని అంకెలు తేలిపోతాయి. చలి నగరంలో పిల్లలు ఆడేదీ, పెద్దవాళ్లు బెంచీ మీద కూర్చునేదీ ఆ రెండో రకం చోట్లలోనే.

ఆ చోట్ల పొరపాటు ఎందుకంత ఖరీదో విండ్ చిల్ (గాలి వల్ల ఒంటికి తెలిసే చలి) సూత్రం చూస్తే తెలుస్తుంది. కెనడా, అమెరికాలు 2001లో అమల్లోకి తెచ్చిన సూత్రంలో గాలి వేగానికి ఘాతం 0.16. అంటే మొదటి కొద్దిపాటి గాలే ఎక్కువ కొరుకుతుంది. −15 డిగ్రీల దగ్గర గాలి గంటకు 5 కి.మీ. నుంచి 15కి పెరిగితే ఒంటికి తెలిసే చలి −18.6 నుంచి −22.9కి దిగుతుంది. అదే 35 నుంచి 45కి పెరిగితే దిగేది ఒకటింబావు డిగ్రీ. మూల దగ్గర పది కి.మీ. తప్పు పోయినా చలి లెక్క పెద్దగా చెడదు, ముంగిట్లో పోతే మొత్తం తారుమారవుతుంది.

ఓపెన్‌ఫోమ్ తప్పేది సరిగ్గా అక్కడే. దాదాపు అందరూ వాడేది అందులోని సింపుల్‌ఫోమ్ సాల్వర్ (లెక్క తేల్చే ప్రోగ్రాం), స్టెడీ ఆర్‌ఏఎన్‌ఎస్ పద్ధతి, అంటే క్షణక్షణం మారే గాలిని వదిలి సగటు ప్రవాహాన్నే లెక్కకట్టడం. విండ్ టన్నెల్ కొలతలతో పోల్చినప్పుడు, గాలి వేగం పెరిగే చోట్ల ఈ పద్ధతి 10–20 శాతం తేడాలో ఉంటుంది. టవర్ వెనక చాటులో మాత్రం కొన్నిచోట్ల అసలు వేగాన్ని నాలుగైదు రెట్లు తక్కువ చేసి చూపిస్తుంది. నిజానికి టవర్ వెనక సుడులు ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగుతూ పక్కనున్న వడిగాలిని లోపలికి లాగుతుంటాయి. స్టెడీ లెక్కలో ఆ ఊపు ఉండదు కాబట్టి ముంగిలి నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది. ఇది ఓపెన్‌ఫోమ్ ఒక్కదాని లోపం కాదు, ఇదే పద్ధతి వాడే డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్లకూ ఇదే గతి. కాకపోతే ఓపెన్‌ఫోమ్‌లో పింపుల్‌ఫోమ్ అనే మరో సాల్వర్‌తో ఎల్‌ఈఎస్, అంటే పెద్ద సుడుల ఊపును కూడా లెక్కకట్టే పద్ధతి, చేసుకోవచ్చు. అన్ని దిక్కులకూ చేస్తే కంప్యూటర్ సమయం తడిసి మోపెడవుతుంది. శీతాకాలపు ప్రధాన గాలి దిక్కులు రెండు మూడింటికి చేస్తే చాలు.

సెట్టింగుల విషయానికొస్తే యూరప్ కాస్ట్ 732 (2007), జపాన్ ఏఐజే (2008) మార్గదర్శకాలే ఆధారం. ఎత్తైన టవర్ 75 మీటర్లనుకుంటే దాని ముందు, పక్కల, పైన 375 మీటర్ల చొప్పున, వెనక 1125 మీటర్ల ఖాళీ వదలాలి. గాలికి అడ్డంగా భవనాలు ఆక్రమించే వైశాల్యం డొమైన్ (లెక్కకు తీసుకున్న గాలి పెట్టె) అడ్డుకోతలో 3 శాతం దాటకూడదు. ప్రతి భవనం ప్రతి పక్కకూ కనీసం 10 సెల్స్ (ఆ పెట్టెను విడగొట్టిన చిన్న గడులు) పడాలి. మనిషి ఎత్తు, అంటే 1.5–2 మీటర్లు, నేల నుంచి మూడో నాలుగో సెల్‌లో రావాలి. అంటే నేల దగ్గర సెల్ ఎత్తు అర మీటరు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: నగరం కదా అని నేలంతటికీ రఫ్‌నెస్ లెంగ్త్ (నేల గరుకును చెప్పే కొలత) 1 మీటరు ఇచ్చేస్తారు. సెల్ కంటే గరుకే పెద్దదైపోతే లెక్కకు అర్థం లేదు. భవనాలను నిజంగా గీసిన ప్రాంతంలో నేలకు 0.03 లాంటి చిన్న విలువే ఇవ్వాలి.

ప్యాకేజీతో వచ్చే ‘విండ్‌అరౌండ్‌బిల్డింగ్స్’ ట్యుటోరియల్‌ను యథాతథంగా వాడొద్దు. అందులో గాలి నేల నుంచి పైదాకా ఒకే వేగంతో లోపలికొస్తుంది. ‘టర్బైన్‌సైటింగ్’ ట్యుటోరియల్‌లోని అట్మాస్ఫెరిక్ బౌండరీ లేయర్ ఇన్‌లెట్ (ఎత్తుతో పాటు వేగం పెరిగేలా గాలిని లోపలికి పంపే సెట్టింగు) తెచ్చి పెట్టుకోవాలి. ఆ తర్వాత భవనాలన్నీ తీసేసి ఖాళీ డొమైన్ ఒకసారి నడపండి. టవర్లు నిలవాల్సిన చోటికి చేరేసరికి ప్రొఫైల్ (ఎత్తును బట్టి గాలి వేగం ఉండే తీరు) మారిపోతుంటే మిగతా పనంతా వృథా. టర్బులెన్స్ మోడల్‌గా, అంటే గాలి అలజడిని లెక్కలోకి తెచ్చే సూత్రాలుగా, స్టాండర్డ్ కె-ఎప్సిలాన్ కన్నా రియలైజబుల్ మేలు. మొదటిది ఎదురు మూలల దగ్గర లేని అలజడిని పుట్టిస్తుంది.

ఇంత కష్టపడ్డాక లేఅవుట్‌లను పోల్చడంలో మాత్రం ఫలితం బాగుంటుంది. పైనుంచి ముఖం వెంట దిగజారే గాలిని పోడియం (టవర్ అడుగున వెడల్పుగా కట్టే కింది అంతస్తులు) ఎంతవరకు ఆపుతుందో, టవర్ల మధ్య సందు ఎంత ఇరుకైతే ఎంత వడి పెరుగుతుందో వరసగా చూపిస్తుంది. టవర్ కింద నుంచి నడిచిపోయే దారి పెడితే ముందువైపు ఒత్తిడి, వెనకవైపు పీల్పు రెండూ కలిసి గాలిని అందులోకి తోస్తాయి. చలి నగరంలో అలాంటి దారి పెట్టనే కూడదు. ఊహకు ఎదురు తిరిగే సంగతి ఒకటుంది. రెండు భవనాలను గరాటులా గాలివైపు నోరు తెరిచేలా పెడితే సందులో వడి ఎక్కువనుకుంటాం. గాలి ఆ నోట్లో దూరడానికి బదులు చాలావరకు పైనుంచి, పక్కలనుంచి తప్పుకుంటుంది. గరాటును తిప్పి పెట్టినప్పుడే మనిషి ఎత్తులో వేగం ఎక్కువ.

క్యూబెక్ ఉత్తరాన ఫెర్మాంట్‌లో 1970లలో కట్టిన 1.3 కి.మీ. పొడవైన గోడ లాంటి భవనం ఊరికి గాలి చాటు. అలాంటి అడ్డుగోడను ఈ సాల్వర్‌లో పెడితే చాటు నిజం కంటే దూరం సాగినట్టు వస్తుంది. దాన్ని నమ్మి వెనక వరస ఇళ్లను దూరంగా జరపొద్దు.

చెట్లను పోరస్ జోన్‌గా, అంటే గాలిని కొంత ఆపి కొంత పోనిచ్చే ప్రాంతంగా పెట్టొచ్చు. అది గాలిని ఎంత ఆపుతుందో చెప్పే ఫోర్షీమర్ గుణకం = 2 × డ్రాగ్ గుణకం × ఆకుల సాంద్రత; డ్రాగ్ 0.2, సాంద్రత 1 అయితే 0.4. ఆకురాల్చే చెట్లకు వేసవి సాంద్రత ఇచ్చి జనవరి గాలి లెక్కకట్టడం కంటే అసలు చెట్లు పెట్టకపోవడమే నయం.

ఫలితాన్ని సౌకర్యంగా మార్చే పని సాఫ్ట్‌వేర్ చేయదు. నెదర్లాండ్స్ గాలి సౌకర్య ప్రమాణం ఎన్‌ఈఎన్ 8100 ప్రకారం గంట సగటు వేగం 5 మీ./సె. దాటే సమయం ఏడాదిలో 2.5 శాతం లోపుంటే అన్నిటికన్నా మేలైన ‘ఎ’ తరగతి. అది దాదాపు 219 గంటలు. అవన్నీ నవంబరు–మార్చిలోనే పడితే ఆ ఐదు నెలల్లో 6 శాతం, అంటే ‘సి’ తరగతి. శీతాకాలానికి వేరే పట్టిక తప్పనిసరి. విండ్ చిల్ సూత్రంలో వేయాల్సింది 10 మీటర్ల ఎత్తు వేగం అని కూడా మరవకండి. ముఖం ఎత్తు వేగం అందులో మూడింట రెండు వంతులన్న ఊహ సూత్రంలోనే ఉంది. మనిషి ఎత్తులో వచ్చిన 18 కి.మీ.ని నేరుగా వేస్తే −15 దగ్గర −23.7 వస్తుంది. ఒకటిన్నరతో గుణించి 27 వేస్తేనే సరైన −25.5.

వెర్షన్ల గందరగోళం చిరాకే. ఓపెన్‌ఫోమ్ రెండు శాఖలుగా వస్తుంది. ఫౌండేషన్ శాఖ 11వ వెర్షన్ నుంచి సింపుల్‌ఫోమ్ బదులు ఫోమ్‌రన్ వాడుతుంది. వి2412 లాంటి పేర్లతో వచ్చే ఓపెన్‌సీఎఫ్‌డీ శాఖలో పాత పద్ధతే. రెంటి ఫైళ్లూ కలిపితే నడవవు.

చివరగా లాబీ తలుపులు. సింపుల్‌ఫోమ్ ఇచ్చే ఒత్తిడిని గాలి సాంద్రతతో గుణించాలి. −20 దగ్గర అది 1.2 కాదు, 1.39. సెకనుకు 10 మీటర్ల గాలి ఎదురుగా కొడితే దాదాపు 70 పాస్కల్స్, రెండు చదరపు మీటర్ల తలుపు మీద 140 న్యూటన్లు. లోపల 22, బయట −20 ఉన్నప్పుడు 75 మీటర్ల టవర్‌లో వేడిగాలి పైకి లాగే స్టాక్ ఎఫెక్ట్ కూడా, లిఫ్టు, మెట్ల షాఫ్టులు అడ్డులేకుండా ఉంటే, కింది తలుపు దగ్గర ఇంచుమించు అంతే వస్తుంది. ఈ సాల్వర్‌కు ఉష్ణోగ్రత అనేదే తెలియదు కాబట్టి ఆ రెండో 70ని చేత్తో లెక్కకట్టి కలుపుకున్నాకే రెండు తలుపుల వెస్టిబ్యూల్ పెట్టాలా, రివాల్వింగ్ డోర్ పెట్టాలా అన్నది తేల్చుకోవాలి.