‘నో కాస్ట్ ఈఎంఐ’లో పిల్లల సైన్స్ కిట్లు కొంటున్నారా? ముందు ఇది చదవండి

ప్రైమరీ పిల్లలకు సైన్స్ కిట్లు, రోబోటిక్స్ ప్యాకేజీలు తీసుకుందామనుకునే వాళ్లు డబ్బు కట్టకముందే ఇది చదవండి. మూడో తరగతి చదివే మా పాప కోసం తీసుకున్న ఏడాది ప్యాకేజీ సంగతి ఇది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. ఎలాగూ ఇదే పని వేరే పేర్లతో చేసేవాళ్లూ ఉన్నారు, పద్ధతి తెలిస్తే చాలు.

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఉచిత డెమో పెట్టారు. నేర్పిన అమ్మాయి నిజంగా బాగా చెప్పింది. రెండు సిరంజీల మధ్య ట్యూబు తగిలించి, నీళ్లు నింపి, ఒకటి నొక్కితే రెండోది లేచేలా పాప చేతే చిన్న క్రేన్ చేయించింది. అది అయ్యిందో లేదో సేల్స్ కుర్రాడు పక్కన చేరాడు. “మీ పాప చాలా షార్ప్ సార్. కొత్త విద్యా విధానంలో మూడో తరగతి నుంచే కోడింగ్ కంపల్సరీ. మాది అటల్ టింకరింగ్ ల్యాబ్ సిలబస్.”

రెండూ అబద్ధాలే. 2020 జాతీయ విద్యా విధానం కోడింగ్‌ని మిడిల్ స్టేజ్‌లో, అంటే 6–8 తరగతుల్లో పెట్టమంది. నీతి ఆయోగ్ బడుల్లో పెట్టించే అటల్ టింకరింగ్ ల్యాబులు 6 నుంచి 12 తరగతుల పిల్లలకు. ఈ మాటలు ఎవరు చెప్పినా అక్కడితో లేచి వచ్చేయండి.

డెమోలో చూసిన సరుకు ఇంటికొచ్చిన డబ్బాలో లేదు. మోటారుకు వైర్లు ముందే అతికించి ఉన్నాయి, బ్యాటరీ పెట్టె చుట్టూ గ్లూ గన్‌తో సీల్ చేశారు. పాప చేయాల్సిందల్లా రెండు చెక్కముక్కలు ఇరికించి స్విచ్ వేయడం. అలా తయారైన బుల్లి ఫ్యాను రెండో రోజే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చూద్దామంటే విప్పే దారి లేదు. చేతులతో నేర్చుకోవడం అంటే అసలు అక్కడే కదా మొదలవ్వాలి! ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్‌కి, పొట్టి కాలు మైనస్‌కి పెట్టాలి. తిప్పి పెడితే వెలగదు. వెలగనప్పుడే పిల్లకి బుర్ర పెట్టే పని దొరుకుతుంది. వీళ్ల కిట్‌లో ఆ అవకాశమే లేకుండా గమ్ము పోసేశారు.

ఇంకో డబ్బాలో వచ్చిన మెరిసే బ్యాడ్జి చూసి నాకు భయమేసింది. అందులో బటన్ సెల్ (చొక్కా గుండీలా ఉండే చిన్న బ్యాటరీ) ఉంది, మూతకు స్క్రూ లేదు. గోరుతో లాగితే ఊడి వచ్చింది. అలాంటి సెల్ మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలిన గాయం చేయగలదు. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. డబ్బా మీద ఎక్కడా లేదు. ఫోన్ చేసి అడిగితే “ఇది టాయ్ కాదు సార్, ఎడ్యుకేషనల్ ప్రోడక్ట్” అన్నారు. ఆ జవాబుకు ట్రైనింగ్ ఇచ్చినట్టున్నారు.

ఇక డబ్బు సంగతి. ఏడాదికి 24,000, ‘నో కాస్ట్ ఈఎంఐ’లో, అంటే వడ్డీ లేని వాయిదాల్లో, నెలకు 2,000 “ఫీజు” అన్నారు. అది ఫీజు కాదు, ఫైనాన్స్ కంపెనీ నా పేరు మీద ఇచ్చిన అప్పు. మొత్తం ముందే కిట్ల కంపెనీకి చేరిపోతుంది, క్లాసులు ఆపినా నెలవారీ కోత ఆగదు, కట్టకపోతే దెబ్బ మన సిబిల్ స్కోరుకి. పేమెంట్ లింకులో “ఆఫర్ ముగియడానికి 10 నిమిషాలు” అని గడియారం తిరుగుతూనే ఉంది, మర్నాడు తెరిచినా అదే గడియారం. ఇలా లేని తొందర పుట్టించడం 2023 నవంబరులో కేంద్రం నిషేధించిన డార్క్ ప్యాటర్న్స్‌లో, అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను బుట్టలో వేసే ఎత్తుల్లో, ఒకటి. ఆన్‌లైన్ అప్పుకి కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఉండాలని ఆర్‌బీఐ రూల్. ఆ గడువులో అసలు, అప్పటిదాకా గడిచిన రోజులకే వడ్డీ కట్టి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ఓటీపీ చెప్పి అప్పుకి ఒప్పుకున్నవాళ్లు ముందు ఆ గడువు తేదీ చూసుకోండి.

గడువు దాటితే 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి చెప్పండి. తేలకపోతే ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల్లోపైతే ఫీజు లేదు. డెమో ఫొటోలు, వాట్సాప్ చాట్‌లు, డబ్బా విప్పిన వీడియో దాచుకోండి. “డెమోలో చూపింది వేరే” అని నోటితో చెబితే ఎవరూ వినరు.

పిల్లకి సరదా పోకూడదనుకుంటే కోఠి గుజరాతీ గల్లీలో మోటారు, ఎల్‌ఈడీలు, స్విచ్, వైరు విడిగా కొనుక్కోవచ్చు. ఏం చేయాలో తెలియకపోతే పిల్లలకు బొమ్మలతో సైన్స్ నేర్పే అరవింద్ గుప్తా గారి సైట్‌లో చెత్త సామాను, సైకిల్ ట్యూబు ముక్కలతో చేసే బొమ్మలు ఉచితంగా ఉన్నాయి, తెలుగు పుస్తకాలు కూడా. మా పాప సిరంజీల క్రేన్ మెడికల్ షాపు సరుకుతోనే మళ్లీ కట్టింది. నీళ్లు కారాయి, ట్యూబు ఊడింది, తనే బిగించుకుంది.

ఇలాంటి డబ్బా ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు రీఫండ్ సంగతి తర్వాత చూసుకోండి. ముందు ఆ బటన్ సెల్ తీసి పిల్లల చేతికి అందని చోట పెట్టండి.