అత్తగారి కుట్టు మిషను, ట్రంకు పెట్టెడు గుడ్డలు: దాచుకోవాలా, ఇచ్చేయాలా, బొంత కుట్టించాలా?

ఇంట్లో కుట్టుపని చేసే మనిషి పోతే నగల గురించి, పొలం గురించి నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటారు. మిషను గురించి, దాని పక్కనున్న ట్రంకు పెట్టె గురించి ఎవరూ నోరెత్తరు. పెద్దకర్మ అయిపోగానే ఆ గదికి గొళ్ళెం పడుతుంది. తర్వాతెప్పుడో ఎలుక దూరిందనో, గది అద్దెకిద్దామనో తెరిచినప్పుడు టెన్షన్ మొదలవుతుంది. పారేయడానికి చేతులు రావు, ఉంచుకోవడానికి చోటుండదు.

మా అత్తగారిది కరీంనగర్ పక్క పల్లె. ఆ వాడకట్టులో ఆడవాళ్ళ జాకెట్లు చాలావరకు ఆవిడే కుట్టారు, పని తక్కువగా ఉండే ఎండాకాలంలో బొంతలు కుట్టేవారు. పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు, రుబియా, టూ బై టూ, పాప్లిన్ కట్ పీసులు, చీర ఫాల్స్, లైనింగ్ గుడ్డ, బొంత లోపల పరచడానికని దాచిన పాత నేత చీరలు, పంచెలు, బిస్కట్ డబ్బా నిండా హుక్కులు, బొత్తాలు. ఇంత సామానుకీ కలిపి ఒకే నిర్ణయం తీసుకోవాలని చూస్తే ఎప్పటికీ తేలదు. మిషను సంగతి వేరు, నూలు గుడ్డల సంగతి వేరు, పట్టు సంగతి వేరు.

అన్నిటికంటే ముందు మనది కాని సామాను చూడాలి. జాకెట్లు కుట్టేవాళ్ళ పెట్టెలో ఊళ్ళోవాళ్ళ గుడ్డలు ఉండి తీరతాయి. కవర్లో ఆది జాకెట్టు, దాంతోపాటు కొత్త గుడ్డ ఉంటాయి, పేరు రాసిన చీటీ మాత్రం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మా అత్తగారి కవర్లలో ఒకదాంట్లో నెమలికంఠం రంగు జాకెట్టు సగంలో ఆగిపోయి ఉంది. చేతులు కత్తిరించి, వీపు ముక్కకు లైనింగ్ అతికించి ఉన్నాయి. హుక్కుల పట్టీ ఇంకా వేయలేదు. గుచ్చి ఉంచిన గుండుసూది చుట్టూ తుప్పు మరక దిగింది. ఎవరిదో తెలియలేదు. ఆది జాకెట్టు తీసుకెళ్ళి చూపిస్తే పక్కింటి వదిన దాన్ని తిరగేసి, చంక కింద విప్పి మళ్ళీ వేసిన కుట్టు చూసి, అది ఫలానా వాళ్ళ కోడలిదని, బాలింతగా ఉన్నప్పుడు వదులు చేయించుకుందని చెప్పేసింది. ఇలాంటివి నెల దాటకముందే ఇచ్చేయాలి. ఆలస్యమైతే అడగడానికి వాళ్ళకూ మొహమాటం, వెతకడానికి మనకూ బద్ధకం.

రెండోది, ఇవ్వడానికి హక్కు ఎవరిది? 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన స్త్రీ ఆస్తి ముందుగా కొడుకులకు, కూతుళ్ళకు, భర్తకు చెందుతుంది. ఆ వరసలో కోడలు లేదు. ట్రంకు సర్దేది మాత్రం కోడలే! కుట్టు మిషను కోసం ఎవరూ కోర్టుకెక్కరు గానీ, ఆడపడుచులకు చెప్పకుండా ఒక్క ముక్క బయటికి పంపినా ఆ మాట ఇరవై ఏళ్ళు నడుస్తుంది. అందరూ ఉన్నప్పుడే పెట్టె తెరవడం మేలు.

ఇక మిషను. దాన్ని అలంకారానికి ఉంచుకోవచ్చు, అమ్మొచ్చు, వాడేవాళ్ళకు ఇవ్వొచ్చు.

పాత మిషను తలను తీసేసి, ఇనుప స్టాండు మీద గాజు పలక వేసి హాల్లో టేబుల్ చేసుకోవడం ఇప్పుడు ఫ్యాషన్. తల పూర్తిగా పాడైతే సరే. ఆడుతున్న మిషనును విడగొట్టడం మాత్రం నాకు నచ్చదు. అటు టేబులూ అంతంతమాత్రమే, ఇటు మిషనూ పోతుంది.

అమ్ముదామంటే పాత సింగర్‌కు లక్షలొస్తాయన్న ఆశ ఒకటి తిరుగుతుంటుంది. 2009లో సౌదీ అరేబియాలో పాత సింగర్ మిషన్లలో 'రెడ్ మెర్క్యురీ' అనే మహా ఖరీదైన పదార్థం ఉంటుందన్న పుకారు పుట్టి ధరలు ఆకాశాన్నంటాయి. జనం సెల్‌ఫోను దగ్గర పెట్టి పరీక్ష చేశారట! అందులో అలాంటిదేమీ లేదు. సింగర్ 1851 నుంచి ఉన్న కంపెనీ. స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్‌లో దాని పెద్ద ఫ్యాక్టరీ 1980లో మూతపడేదాకా లెక్కలేనన్ని మిషన్లు ప్రపంచమంతా పంపింది. అంటే పాతదైనంత మాత్రాన అరుదైనది కాదు. ఉష కూడా అంతే. 1930లలో కలకత్తాలోని జే ఇంజినీరింగ్ వర్క్స్‌లో మొదలై ప్రతి ఊరికీ చేరింది. హైదరాబాదులో పాత సామాన్లకు పేరుపడ్డ జుమేరాత్ బజారుకు తీసుకెళ్ళినా, ఆన్‌లైన్‌లో పెట్టినా వచ్చేది ఆటో కిరాయికి పోను మిగిలేంతే అనుకుని బయల్దేరితే నిరాశ ఉండదు.

కాబట్టి నా ఓటు వాడేవాళ్ళకు ఇవ్వడానికే. అయితే ఎవరికి? దర్జీ షాపులో రోజంతా మోటారు మీద వేగంగా కుట్టేవాళ్ళకు ఇంటి మిషను సరిపోదు, తీసుకుని మూలన పెడతారు. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లకు మాత్రం ఇదే సరైనది. నెమ్మదిగా తొక్కొచ్చు, చెయ్యి అదుపులో ఉంటుంది, సూదులు, బాబిన్లు ఇప్పటికీ చిన్న పట్టణాల్లో కూడా దొరుకుతాయి. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలకు పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా ఇస్తున్నారు. కానీ అది ఇప్పటికే ఆ పని చేసుకుంటున్నవాళ్ళ కోసం. ఇంకా చేతికి పని రాని పిల్లకు ఎవరో ఒకరు మిషను ఇస్తేనే మొదలవుతుంది. మరో సంగతి, ఇళ్ళలో వాడే తేలికపాటి కొత్త మిషన్లలో చాలావాటికి బొంత మందం కష్టం. పాత నల్ల మిషను నాలుగైదు పొరలు సులువుగా దాటుతుంది.

ఇచ్చే ముందు దాన్ని ఆడే స్థితికి తేవాలి. ఏళ్ళ తరబడి కదలని మిషనులో నూనె జిగురులా గడ్డకడుతుంది. నూనె పోసే రంధ్రాల్లో రెండేసి చుక్కలు కిరోసిన్ వేసి, దారం లేకుండా కాసేపు ఆడించి, తుడిచి, అప్పుడు మిషను ఆయిల్ వేయాలి. తోలు బెల్టు ఎండి సాగిపోయి ఉంటుంది, కొత్తది వేయించండి. పాడైన మిషను ఇచ్చి దానం చేశామనుకుంటే తీసుకున్నవాళ్ళకు ఖర్చు తగిలించినట్టే.

గుడ్డల దగ్గరికొస్తే, చాలామంది చేసే పని పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమెను పిలవడం. దాన్ని చిన్నచూపు చూడను. ఆమె జరీ అంచు చీరను, ప్యాంటును, చిరుగును వేళ్ళతో తడిమి వేరుచేస్తుంది. మళ్ళీ కట్టుకోదగ్గవి సంతకు పోతాయి, పనికిరాని నూలు ముక్కలు మెకానిక్ షెడ్లలో చేతులు తుడుచుకునే గుడ్డలవుతాయి. కానీ ఆమెకు కావలసినవి చీరలు, ప్యాంట్లు. కుట్టని జాకెట్టు ముక్కకు, అరమీటరు కట్ పీసుకు ఆమె లెక్కలో విలువ తక్కువ. కుట్టుపెట్టె మొత్తం ఆమెకు వేస్తే మనకు ఒక చిన్న గిన్నె వస్తుంది, మంచి గుడ్డ వృథా అవుతుంది.

సంస్థలకు ఇవ్వడం రెండో దారి. 1999లో అంశు గుప్తా మొదలుపెట్టిన గూంజ్ లాంటి చోట్ల పాత నూలు గుడ్డతో శానిటరీ ప్యాడ్లు, సుజని బొంతలు కుట్టిస్తారు. పేరుకుపోయిన మెత్తని పాత నూలు చీరలకు ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. ఉతికి, ఆరేసి, నూలును విడిగా కట్టి ఇవ్వాలి. కలరా ఉండల వాసనతో ముద్దగా మూటకట్టి పంపడం సాయం అనిపించుకోదు.

చుట్టాలకు పంచడం మూడోది. కొత్త జాకెట్టు ముక్కలకు ఇదే సహజమైన దారి, అవి వచ్చిందీ పేరంటాల్లోనే కదా. ఇక్కడో పట్టింపు అడ్డొస్తుంది, పోయినవాళ్ళ వస్తువు శుభకార్యంలో పెట్టొచ్చా అని. ముత్తయిదువగా పోయినామె చీరను అడిగి మరీ తీసుకునే ఇళ్ళున్నాయి, దారం ముక్క కూడా ముట్టుకోని ఇళ్ళూ ఉన్నాయి. వాదన పెట్టుకోకుండా ముందే అడగండి. వద్దన్నవాళ్ళకు ఇవ్వకపోతే సరి. లేస్, ఫాల్స్, లైనింగ్, దారాల్ని మాత్రం కుట్టేవాళ్ళకే ఇవ్వాలి, చుట్టాల ఇంట్లో అవి మళ్ళీ ఇంకో డబ్బాలో పడుంటాయి. ఇచ్చే ముందు రీలు దారం రెండు చేతులతో లాగి చూడండి. పుటుక్కున తెగితే అది మిషనులో నిలవదు, కాజాలకు కూడా పనికిరాదు. పాత ఎలాస్టిక్ నేరుగా చెత్తబుట్టకే.

అమెరికాలో క్విల్టింగ్, అంటే గుడ్డ ముక్కలు అతికి బొంతలు కుట్టే పని, చేసేవాళ్ళ దగ్గర ఇలా గదుల కొద్దీ గుడ్డ పోగవుతుంది. బతికుండగా కుట్టి తీర్చలేనంత కొన్నామని వాళ్ళే జోకులు వేసుకుంటారు. పోయాక చాలాచోట్ల స్థానిక క్విల్టింగ్ గిల్డు (కుట్టేవాళ్ళ సంఘం) సభ్యులు వచ్చి, ఏది ఏ గుడ్డో చూసి, వేరుచేసి, తక్కువ ధరకు తోటివాళ్ళకే అమ్మిపెడతారు. మన పల్లెల్లో గిల్డులు లేవు గానీ అందులో పనికొచ్చే పద్ధతి ఒకటుంది: గుడ్డ తెలిసిన మనిషిని ముందు కూర్చోబెట్టడం. ఊళ్ళో దర్జీ అక్కకు ఒక పూట కూలీ ఇచ్చి పిలిస్తే, మనం వారం తన్నుకునే పని సాయంత్రానికి అయిపోతుంది.

పట్టు చీరలు ఉంటే విడిగా తీయండి. పాత అసలు జరీలో వెండి ఉంటుంది. వీధిలో పాత పట్టు కొంటామని తిరిగేవాళ్ళకు కావలసింది అదే. చీరను కాల్చి వెండి తీస్తారు. చవక లోహంతో చేసే టెస్టెడ్ జరీకి ఆ విలువ లేదు. మడతల దగ్గర పట్టు పిగిలిపోతుంటే అమ్మినా తప్పులేదు, బాగుంటే మాత్రం ఎవరైనా కట్టుకోవాలి.

ఇక అందరూ తన్నుకునే సంగతి, పెట్టెను అలాగే ఉంచాలా, బొంత కుట్టించాలా? ఉంచేయడం తేలిక, ఎవరికీ కోపం రాదు. కానీ ట్రంకులో గుడ్డ మారకుండా ఉండదు. తెల్లది పసుపు తిరుగుతుంది, మడత దగ్గర చీకిపోతుంది, సిల్వర్ ఫిష్ పురుగు కొరుకుతుంది. బొంతయితే వాడకంలో ఉంటుంది. మన బొంతకు చుట్టుపక్కల బంధువులు చాలామందే: బెంగాల్ కాంథా, మహారాష్ట్ర గోధడి, కర్ణాటక కౌది, అన్నీ ఇంట్లో అరిగిన గుడ్డతో పుట్టినవే. మావాళ్ళు ప్రతి మనవడికి, మనవరాలికి ఒక్కో బొంత అనుకున్నారు. నేను వద్దన్నాను. పాలిస్టరు, రుబియా, నేత కలిపి ఒకదానికి వేస్తే ఉతకగానే ఒకటి ముడుచుకుంటుంది, ఇంకోటి ముడుచుకోదు, బొంత మెలితిరుగుతుంది. పైగా మంచి నూలు చీరలు అన్నింటికి సరిపోవు. ఆవిడ రోజూ కట్టుకున్న నేత చీరలతో రెండు బొంతలు, చేత్తో దగ్గర దగ్గరగా కుట్టించాం. అమెరికాలో ఉన్న మనవరాలికి మాత్రం పలచగా, లోపల ఒక్క పంచె పొరతో చేయించాం. బొంత బరువు సూట్‌కేసులో సగం తినేస్తుందని ఆ పిల్లే గొడవ.

వీటన్నిటికంటే మేలైనది బతికుండగానే పంచుకోవడం, అయితే అది మనం పెద్దవాళ్ళతో అనగలిగే మాట కాదు. వాళ్ళంతట వాళ్ళే అనాలి. మా ఆడపడుచు మాత్రం తన మిషను ఎవరికివ్వాలో ఇప్పుడే చెప్పేసింది. చెప్పాక కూడా అదే మిషను మీద దసరా జాకెట్లన్నీ తనే కుట్టింది.

మిషను ఎవరికిస్తే కొలతల నోటుబుక్కు కూడా వాళ్ళకే ఇవ్వండి. దాంట్లో ఊళ్ళోవాళ్ళ భుజం, ఛాతీ, చేతి పొడవు, మెడ లోతు అన్నీ రాసి ఉంటాయి. మనకది పాత కాగితం, కొత్తగా కుట్టు మొదలుపెట్టే పిల్లకు మాత్రం రెడీగా ఉన్న గిరాకీ.